పాటల కవరుకు పసుపు బొట్లు

టీలో అల్లం వేశారా? వేస్తేనే చెప్తాను. ఈ మధ్య నా మీద జోకులేస్తున్న వాళ్ళంతా కథ సగం విని వేస్తున్నారు. మొత్తం విని వేస్తే ఇంకా బాగుంటాయని నా బాధ!

మొన్న ఆషాఢంలో ఒక ఆదివారం, పట్టపగలు, ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు గేటు ముందు, తుర్కయంజాల్ నుంచి జీపు నిండా వచ్చి దిగిన జనం నన్ను మధ్యలో పెట్టి, "పెండ్లిపిల్లను యాడ దాసినవ్?" అని అడిగారు. నేను దాచడమేమిటండీ బాబూ! ఆ రోజు అక్కడ పెళ్ళే లేదు. ఉన్నదల్లా ఒక పాటల ఆల్బమ్ రిలీజు. దాన్ని పెళ్ళి చేసి కూర్చోబెట్టింది మాత్రం నేనే. ఎవరి మీదా నెట్టడానికి లేదు. మా అత్తగారి మీద కొంచెం నెట్టొచ్చు, అది తర్వాత చెప్తాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక శుభలేఖల షాపులో డిజైనర్ని. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ బోర్డులు దాటుకుని సందులోకి వస్తే మా షాపు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పిల్లల శారీ ఫంక్షన్లు, ఏ శుభకార్యమైనా ముందు నా కంప్యూటర్లో జరిగాకే బయట జరుగుతుంది. పనికి వంక పెట్టడానికి లేదు. కానీ నాలో ఒక పెద్ద ఆర్టిస్టు ఉందని, ఆవిణ్ణి ఇన్నేళ్ళుగా అరటిచెట్ల బొమ్మల వెనకాల కూర్చోబెట్టేశారని నా ఏడుపు. ఫోన్‌లో విదేశాల మ్యూజిక్ ఆల్బమ్‌ల కవర్లు చూసి, "చూడండి అత్తయ్యగారూ, తెల్ల కాగితం, మధ్యలో ఒక్క చుక్క, అంతే! ఎంత బాగుందో!" అనేదాన్ని. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "మిగతాది ఎప్పుడు వేస్తారమ్మా?" అని అడిగేవారు.

అలాంటి నాకు నిజంగానే ఒక ఆల్బమ్ చేసే ఛాన్సు వచ్చింది!

మా ఇంటి పై పోర్షన్‌లో మాధురి అనే అమ్మాయి కిరాయికి ఉంటుంది. భీమవరం వైపు పిల్ల. పగలంతా కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పి గొంతు పోగొట్టుకుంటుంది, సాయంత్రం మా మిద్దె మీద పాడి అదే గొంతు తిరిగి తెచ్చుకుంటుంది. ఆమెతో కలిసి పాడే అబ్బాయి నరేష్. వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె. బాటసింగారం పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో పని చేస్తాడు, తీరిక దొరికితే డప్పు కొట్టి పాడతాడు. మూసారాంబాగ్‌లో ఒక వినాయక మండపం దగ్గర ఒకరి పాట ఒకరు విన్నారట. అప్పట్నుంచి ఈమె అమ్మమ్మ పాడిన గోదావరి పాటలు, అతని అమ్మ పాడే నాట్ల పాటలు కలిపి ఒక ఆల్బమ్ తయారు చేశారు. పేరు 'ఇరుగు పొరుగు'.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వీళ్ళిద్దరి మధ్యా పాట తప్ప ఇంకేమీ లేదు. నరేష్‌కి శ్రావణంలో పెళ్ళి. పిల్ల పేరు భాగ్య, తుర్కయంజాల్‌లో ఒక మెడికల్ షాపులో పని చేస్తుంది. ఆ పిల్ల పేరు ఎత్తితే చాలు, నరేష్ మొహం ఎర్రబడుతుంది. లగ్నాలు కూడా పెట్టుకున్నారు. చిక్కల్లా భాగ్య తండ్రి సైదులుగారితోనే. రెండు లారీలున్న మనిషి. "పాటలు పాడుకుంట తిరిగెటోనికి పిల్లనిచ్చుడేంది" అని లగ్నాల రోజు దాకా గొణిగారట.

"అక్క, కవర్ జర ఇజ్జత్‌గ ఉండాలె," అన్నాడు నరేష్ మా షాపుకొచ్చి. "మా మామ దాన్ని చేతిల పట్టుకుని సూస్తడు. అది సూసినంకనన్న నన్ను మనిషి లెక్క సూడాలె."

మాధురి అయితే ఒక్కటే మాట చెప్పింది. "ఉమక్కా, ఏమైనా చెయ్యి. పెళ్ళి కార్డులా మాత్రం ఉండకూడదు."

"ఛ! అది నాకు చెప్తావా?" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇప్పుడు సీడీలు ఎవరు వింటారు చెప్పండి. అందుకని ఒక మంచి అట్ట కవరు, తెరిస్తే లోపల పాటలు అచ్చేసిన చిన్న పుస్తకం, కవరు మీద కింద మూలలో ఒక క్యూఆర్ కోడ్. ఫోన్‌తో స్కాన్ చేస్తే పాటలు మోగుతాయి. ఐడియా నాదే. ఇప్పటికీ మంచి ఐడియానే అంటాను.

కూర్చున్నాను కంప్యూటర్ ముందు. తెల్ల కాగితం. మధ్యలో ఒక్క చుక్క. చూశాను, చూశాను. బోసిగా ఉంది. తెలుపు మరీ ఆసుపత్రిలా ఉందని కొంచెం మీగడ రంగు చేశాను. మీగడ రంగుకి బంగారు రంగు అంచు ఉంటే నిండుగా ఉంటుంది కదా? సన్నగా, ఎంతో సన్నగా, ఒక అంచు పెట్టాను. అంచులో ఏదైనా ఆకు ఉండాలి. మామిడాకు మనదే కదా, పెట్టాను. ఇద్దరు పాటగాళ్ళు కాబట్టి ఇద్దరి నీడబొమ్మలు, ఎదురెదురుగా. బొమ్మలు కొత్తగా గీసే టైం లేక మా షాపులో ఉన్న బొమ్మలే తీసి, వాళ్ళ చేతుల్లో దండలు చెరిపేసి అతనికి డప్పు, ఆమెకి తంబుర ఇచ్చాను. నుదుటి బాసికాలు మాత్రం చెరిపానా లేదా అన్నది ఇప్పటికీ వాదన నడుస్తోంది. కింద ఇద్దరి పేర్లు, మెలికల అక్షరాల్లో. పేర్ల మధ్య ఖాళీ బాగుండదని ఒక తీగ. తీగ కింద రిలీజు తేదీ, టైము, ఫంక్షన్ హాలు పేరు.

ఇంత చేశాక నాకే అనుమానం వచ్చింది. మరీ ఎక్కువైందేమో, మినిమల్ అన్నాను కదా? అప్పుడు అడుగున ఉన్న 'ఇరుగు పొరుగు: పాటల ఆల్బమ్' అన్న మాటని బాగా చిన్నది చేసి, లేత బూడిద రంగులోకి మార్చేశాను. హమ్మయ్య, ఎంత క్లాసుగా ఉందో అనుకున్నాను. మొత్తం కవర్లో నేను మినిమల్ చేసింది ఆ ఒక్క మాటనేనండీ!

ఫోన్‌లో పంపితే మాధురి, "బాగుందక్కా. కానీ ఎక్కడో చూసినట్టుంది," అంది.

"మంచి డిజైన్ ఎప్పుడూ అంతే, చూసినట్టే ఉంటుంది," అని నోరు మూయించాను.

నరేష్ అయితే, "మస్తున్నదక్క! సూడంగనే ఆకలైతున్నది," అన్నాడు. అక్కడైనా నాకు వెలగాలి. వెలగలేదు.

దానితోపాటు ఒక కుటుంబ మాసపత్రికలో అరపేజీ ప్రకటన కూడా ఇద్దామన్నారు. కవర్ బొమ్మనే ఎత్తి అందులో పెట్టి, "అందరూ తప్పక రావాలి" అని ఒక మాట చేర్చి పంపేశాను. రిలీజుకి ఫంక్షన్ హాలు ఎందుకంటారా? ఆషాఢం కదా, పెళ్ళిళ్ళుండవు, హాళ్ళన్నీ ఖాళీ. ఓనరు బతిమాలి మరీ ఇచ్చాడు.

కవర్లు ప్రెస్ నుంచి వచ్చాయి, లోపల పెట్టే పుస్తకాలు రిలీజు నాటికి హాలుకే పంపుతామన్నారు. షాపులో పెట్టే చోటు లేక, అట్టపెట్టెలు ఎల్బీనగర్‌లో మా ఇంట్లో దింపించి నేను డ్యూటీకి వెళ్ళిపోయాను. సాయంత్రం తలుపు తీసేసరికి గుమ్మంలోకే వాసన కొట్టింది. పచ్చి పసుపు వాసన! హాల్లో చాప పరిచి ఉంది. మధ్యలో మా అత్తగారు, చుట్టూ కాలనీ ఆడవాళ్ళు, ఒక ప్లేటులో తడి పసుపు, ఇంకో గిన్నెలో కుంకుమ. నా కవర్లు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తున్నాయి. నాలుగు మూలలా పసుపు, పసుపు మీద కుంకుమ.

"అత్తయ్యగారూ! ఏం చేస్తున్నారు!"

"అయిపోయిందమ్మాయ్, ఇదే ఆఖరి పెట్టె," అన్నారు ఆవిడ, నేనేదో సాయానికి వచ్చినట్టు.

"అవి పాటల కవర్లండీ! పెళ్ళి కార్డులు కావు!"

"అయితే ఏం? శుభమే కదా. ప్రెస్ నుంచి వచ్చిన కార్డుకి పసుపు పెట్టకుండా గడప ఎలా దాటిస్తావు? ఇన్నేళ్ళు ఆ షాపులో చేసి నేర్చుకున్నది ఇదా?"

నాలుగు మూలలన్నాను కదా, అందులో ఒక మూలలో ఏముంది? క్యూఆర్ కోడ్! తడి గుడ్డ తెచ్చి తుడిచాను. పసుపు తుడిస్తే పోతుందా? హాయిగా ఇంకాస్త పాకింది. మీగడ రంగు కవరు కాస్తా పులిహోర రంగులోకి వచ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటి ఉంది. ఒక పెట్టె సగం ఖాళీగా కనపడింది. "మిగతావేవీ?" అన్నాను.

"మధ్యాహ్నమే పంచేశాం. ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి మరీ ఇచ్చాం."

"ఏమని చెప్పారు?"

"ఏముంది, 'మా పై పోర్షన్ మాధురిది, ఆదివారం, తప్పకుండా రండి' అన్నాను." ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అదే నా ఖర్మ.

సరే, పసుపే కదా, వాసన బాగుంది కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. కోడ్ సంగతి రిలీజు రోజు చూద్దాం, స్టిక్కర్లు అంటిద్దాం అనుకున్నాను. స్టిక్కర్లు కొనడం మర్చిపోయాననుకోండి, అది వేరే విషయం. అంతలో పత్రిక బజారులోకి వచ్చింది.

మొదటి ఫోను మాధురికి, వాళ్ళమ్మ దగ్గర్నుంచి. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ అవసరం లేకుండానే వినపడింది. "ఒక్క మాట చెప్పి చేసుకుంటే మేం కాదంటామా తల్లీ! పత్రికలో చూసి తెలుసుకోవాల్సిన గతి పట్టిందా మాకు!" మాధురి గంటసేపు ప్రమాణాలు చేసింది. చివరికి వాళ్ళ నాన్న ఫోన్ తీసుకుని, "అది సరేనమ్మా, కుర్రాడు ఎలాంటివాడు?" అన్నారు. మేమిద్దరం ఫోన్ పెట్టేసి పడీ పడీ నవ్వాం. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి.

తర్వాత నరేష్ ఫోన్ చేశాడు. ఇంక నవ్వు రాలేదు.

"అక్క, మా మామ ఫోన్ ఎత్తుతలేడు. భాగ్యది స్విచ్ఛాఫ్ ఒస్తున్నది. మా అమ్మకు ఫోన్ జేసి, 'నీ కొడుకు పెండ్లికి మమ్ములను గూడ పిలుస్తున్నరా?' అన్నడట."

"అయ్యో, వెళ్ళి చెప్పలేకపోయావా?"

"పోయిన. గేటు తియ్యలే. భాగ్య లేకుంటే నాకీ పాటలు గూడ వద్దక్క."

పత్రిక తెరిచి చూశాను. మామిడాకుల అంచు జిగేల్‌మంటోంది. పేర్లు జిగేల్‌మంటున్నాయి. తీగ అయితే అచ్చులో ఇంకా ముచ్చటగా పడింది. 'ఇరుగు పొరుగు: పాటల ఆల్బమ్' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. లేత బూడిద రంగుని ఆ కాగితం మింగేసింది. కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చూశాను, వాలుగా పెట్టి చూశాను, ఊహూ. ఒక నిఖార్సైన శుభలేఖ నా మొహంలోకి చూసి నవ్వుతోంది. ఒకరి పెళ్ళి చెడగొట్టానని అప్పుడు అర్థమైంది నాకు. జీవితమంతా పెళ్ళిళ్ళ మీద బతికినదాన్ని, చివరికి ఒక పెళ్ళి పెటాకులు చేశాను అని చాలా ఏడుపొచ్చింది.

ఆదివారం వచ్చింది. పొద్దున్నుంచి తుంపర. హాలు దగ్గరికి వెళ్ళేసరికి మా కాలనీ అంతా దిగింది. అందరూ పట్టుచీరల్లో! చేతుల్లో రంగు కాగితాలు చుట్టిన పెట్టెలు. ఎవరో గోడ గడియారం తెచ్చారు, ఎవరో హాట్‌ప్యాక్. ఒకావిడ చెంగులో అక్షింతలు మూటకట్టుకొచ్చింది. "భోజనాలు కిందా, పైనా?" అని అడుగుతున్నారు. మేం చెప్పించింది సమోసా, చాయ్! స్టేజీ మీద రెండు మైకులు చూసి, "పెళ్ళిపీటలు ఇంకా రాలేదేం?" అని ఒకావిడ వాకబు. మాధురి లోపల గదిలో దాక్కుంది. నరేష్ గేటు పక్కన స్తంభం వెనకాల డప్పు వీపుకి ఆనించుకుని నిలబడ్డాడు. భయపడుతున్నాడు అనుకున్నాను.

అప్పుడు వచ్చిందండీ జీపు.

ముందు సైదులుగారు దిగారు. తెల్ల చొక్కా, చేతిలో గొట్టంలా చుట్టిన మాసపత్రిక. వెనకాల వాళ్ళ అన్నదమ్ములు, ఆడవాళ్ళు. ఆఖరికి భాగ్య, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. "పెండ్లిపిల్లను యాడ దాసినవ్?" అని వాళ్ళంతా నన్ను అడిగింది అప్పుడే. నా చేతిలో కవర్ల కట్ట ఉండేసరికి నేనే పెళ్ళిపెద్దననుకున్నారు.

"ఇది పెళ్ళి కాదండీ. ఆల్బమ్!" అన్నాను.

"పెండ్లి గాకముందే ఆల్బమ్ గూడ ఒచ్చిందా!" అన్నారాయన.

"ఫోటోల ఆల్బమ్ కాదు బాబాయ్‌గారూ, పాటల ఆల్బమ్. కింద రాసే ఉంది..." అని పత్రిక విప్పి వేలు పెట్టాను. వేలు కింద ఏమీ లేదు కదా! నాకు తెలుసు, అయినా పెట్టాను.

"పోనీ దీన్ని స్కాన్ చేయండి, పాటలు వస్తాయి, మీరే వినండి," అని కవరు ఇచ్చాను. సైదులుగారి తమ్ముడు ఫోన్ తీసి పట్టాడు. రాలేదు. దగ్గరగా, దూరంగా, తలకిందులుగా పట్టాడు. రాలేదు. ఇంకో కవరు ఇచ్చాను, దానికీ అదే మూలలో అంత పసుపూ ఉంది. ఆ తమ్ముడు వేలితో గీకి చూశాడు, వేలు పచ్చబడింది.

"అన్న, నాలుగు దిక్కుల పసుపు కుంకుమ పెట్టిన్రు. గిది పెండ్లి కార్డు గాకపోతే ఇంకేందే?" అన్నాడు.

మా అత్తగారు ఊరుకుంటారా? కొంగు బిగించి ముందుకొచ్చారు. "ఏమయ్యా, ఆషాఢంలో పెళ్ళేమిటి? బుద్ధున్న వాళ్ళెవరైనా ఆషాఢంలో ముహూర్తం పెడతారా?"

గట్టి పాయింటే. నేను మనసులోనే ఆవిడకి దణ్ణం పెట్టాను.

"లవ్ మ్యారేజోళ్ళకు ఆషాఢమేంది, అమాస ఏంది పెద్దమ్మా!" అన్నారు సైదులుగారు. పాయింటు పోయింది.

అంతలో ఆయన కంట నరేష్ పడ్డాడు. "ఏమిర పిలగా!" అని ఒక్క ఉదుటున అటు ఉరికారు. నరేష్ వెనక్కి జరిగాడు. వీపుకున్న డప్పు వెళ్ళి స్తంభానికి తగిలింది. ధబ్ మని మోగింది.

సైదులుగారు ఎక్కడివారు అక్కడే ఆగిపోయారు. కాలర్ పట్టుకోబోయిన చెయ్యి గాల్లోనే ఉంది. "ఆగు. గా సప్పుడు మల్ల చెయ్యి," అన్నారు.

నరేష్ బిక్కచచ్చిపోయి వేళ్ళతో మెల్లగా తట్టాడు.

"గది నా డప్పు!" అని కేక వేశారాయన. "మా ఇంట్ల గోడకుండాల్సిన నా డప్పు నీ తాన ఎట్లున్నదిర?"

అప్పుడు భాగ్య ముందుకొచ్చింది. అంత సేపూ నోరు విప్పని పిల్ల, ఒక్కసారిగా విప్పింది.

"నేనే ఇచ్చిన నాయినా! నువ్వు లారీలు కొన్నప్పటికెల్లి దాన్ని గోడ మొలకు తలిగిచ్చి దుమ్ము పట్టిస్తున్నవ్. ఆల్బమ్‌ల డప్పు సప్పుడంత దీనిదే. నువ్వు తిడతవని ఇద్దరం చెప్పలే. వేరే పిల్లను చేసుకునేటోడు పిల్లనిచ్చే మామ డప్పు తెచ్చి కొట్టుకుంట చేసుకుంటడా? జర సోంచాయించు!"

మా అత్తగారి పాయింటు కంటే ఇది గట్టిది. కానీ సైదులుగారు అది విన్నట్టే లేరు. పెళ్ళి సంగతి ఆయన బుర్రలోంచి పూర్తిగా లేచిపోయింది. నరేష్ చేతిలోంచి డప్పు లాక్కుని, చర్మం మీద అరచెయ్యి పెట్టి చూసి, మొహం చిట్లించారు.

"ముసురుల పట్టుకొచ్చి, కాపకుండనే కొడుతున్నవా? తడి గోనెసంచి లెక్క మోగుతున్నది! నా ఇజ్జత్ తీస్తవా ఏంది ఇంతమంది ముంగట? అగ్గి తేండ్రి! కాయితాలు తేండ్రి!"

కాగితాలు ఎక్కడున్నాయి? ఆయన చేతిలోనే ఉన్నాయి! మాసపత్రిక పేజీలు పర్రున చింపి, గేటు షెడ్డు కింద పొడి నేల మీద కుప్ప పోసి అంటించారు. మొట్టమొదట అంటుకున్నది ఏ పేజీ అనుకున్నారు? నా అరపేజీ! జీవితంలో అచ్చయిన నా మొదటి ప్రకటన! మామిడాకులు కాలాయి, తీగ కాలింది. ఆ మంట మీద ఆయన డప్పు తిప్పుతూ, తట్టి చెవి దగ్గర పెట్టుకుంటూ, మళ్ళీ తిప్పుతూ ఉంటే, జీపులో వచ్చిన వాళ్ళూ, పట్టుచీరల వాళ్ళూ కలిసి చుట్టూ నిలబడి చూశారు. నేను కూడా చూశాను. చెప్తే నమ్మరు, నాకు ప్రాణం లేచొచ్చింది. తగలబడితే తగలబడింది, పీడా పోయింది అనుకున్నాను.

డప్పు కాగింది. సైదులుగారు భుజానికి తగిలించుకుని ఒక్క దెబ్బ వేశారు. అబ్బా, ఏం మోగిందండీ! గేటు రేకులు కూడా అదిరాయి. "పాడుర," అన్నారు నరేష్‌తో. నరేష్ వాళ్ళమ్మ నాట్ల పాట ఎత్తుకున్నాడు. లోపల దాక్కున్న మాధురి పాట వినపడేసరికి ఆగలేక పరుగెత్తుకొచ్చి గొంతు కలిపింది. మైకుల్లేవు, స్టేజీ లేదు, గేటు దగ్గరే రిలీజు అయిపోయింది. సైదులుగారి తమ్ముడు పసుపు వేళ్ళతో ఈలలు. మా కాలనీ ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి అడుగులు. మా అత్తగారు కూడా రెండు అడుగులు వేశారు, ఇప్పుడు అడిగితే కాలు బెణికింది అంటారు.

ఆ ఊపులో అక్షింతల మూట తెచ్చినావిడ ఇంక ఉండబట్టలేక, నరేష్, మాధురి ఇద్దరూ పక్కపక్కన కనపడేసరికి పిడికిలి నిండా తీసి విసిరింది! భాగ్య చటుక్కున ఇద్దరి మధ్యలోకి దూరి, తల వంచి, ఆ అక్షింతలన్నీ తన నెత్తినే పడేట్టు నిలబడింది. ఒక్క గింజ మాధురి మీద పడలేదు. నరేష్ పాట మధ్యలో నవ్వేశాడు, చరణం మర్చిపోయాడు. సైదులుగారు డప్పు ఆపకుండానే, "పాడు, పాడు, సిగ్గుపడ్డది చాలు," అన్నారు.

అయిపోయాక అందరూ సమోసాలు తిన్నారు. జీపు వాళ్ళకి చాలకపోతే మళ్ళీ తెప్పించాం. గోడ గడియారాలు తిరిగి ఇవ్వబోతే ఎవరూ పుచ్చుకోలేదు. "ఉంచండమ్మా, శ్రావణంలో మళ్ళీ తెచ్చే పని తప్పుతుంది," అన్నారు. సైదులుగారు కవరు ఒకటి చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నరేష్ వైపు చూసి, "డప్పు మీద నీ చెయ్యి మంచిగనే పడ్డది పిలగా, కాపుడే రాదు. పెండ్లయినంక నేర్పుత," అన్నారు. నరేష్‌కి నేల మీద కాలు ఆనలేదు. నాకు కూడా ఆనలేదు.

వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, "బిడ్డా, అసలు పెండ్లికి కార్డు గూడ నువ్వే చెయ్యాలె," అన్నారు. ఇంతకన్నా క్షమించడం ఏముంటుంది చెప్పండి!

పంతం పట్టి కూర్చున్నాను. ఆల్బమ్‌తో పొరపాటున కూడా పోలిక ఉండకూడదని మీగడ రంగు మానేశాను. మామిడాకులు మానేశాను, నీడబొమ్మలు మానేశాను. ముదురాకుపచ్చ కార్డు, సాదా అక్షరాలు, ఎక్కడా తీగ అన్నది లేదు. పెళ్ళి కార్డంటే కరెక్షన్లు తప్పవు. మేనమామ పేరు పైకి జరపమంటారు, చిన్నత్త పేరు ముందుకి తెమ్మంటారు. ప్రూఫు ఇరవై సార్లు తిరిగిన రోజులున్నాయి. అన్నిటికీ సిద్ధపడే ఉన్నాను. సైదులుగారు, భాగ్య ఇద్దరూ షాపుకొచ్చారు. ఆయన ప్రూఫు పట్టుకుని చాలాసేపు చూశారు.

"మంచిగున్నది బిడ్డా," అన్నారు. ఆ మాట సాగదీసిన తీరు చూస్తేనే తెలిసిపోయింది నాకు.

"కానీ?" అన్నాను.

ఆయన మొహమాటంగా భాగ్య వైపు చూశారు. భాగ్య నేల చూపులు చూసింది. "ఏం లేదు బిడ్డా... గిది సూస్తే పెండ్లి అనిపిస్తలేదు. గా ముందటిదే అచ్చం పెండ్లి కార్డు లెక్క ఉండె."

ఆ ఫైలే తెరిచాను. మాధురి పేరు తీసి భాగ్య పేరు, రిలీజు తేదీ తీసి ముహూర్తం పెట్టాను. డప్పూ తంబురా తీసేసి దండలు మళ్ళీ ఇచ్చేశాను. బాసికాలు తిరిగి పెట్టాల్సిన పని లేకపోయింది, ఉండనే ఉన్నాయి. పంపిన నిమిషంలో "ఓకే" అని వచ్చింది. ఇన్నేళ్ళ నా సర్వీసులో ఒక్క కరెక్షన్ కూడా లేకుండా పాసైన పెళ్ళి కార్డు అదొక్కటే, నేను ఆల్బమ్ అనుకుని చేసింది!